ఎల్లిగడ్డ తిందాం.. గోళీ మానొద్దు

పొద్దున నాలుగింటికి ఏ లేబర్ క్యాంప్ కిచెన్‌లోకైనా వెళ్లి చూడండి. ఒకపక్క కుక్కర్లు ఈలలేస్తుంటాయి. ఇంకోపక్క ఎవరో ఒకరు స్టీలు గ్లాసు అడుగుతో టపటపా ఎల్లిగడ్డలు దంచుతుంటారు. అక్కడ రోలూ లేదు, రోకలీ లేదు. గుప్పెడు ఎల్లిపాయలు, రెండు చెంచాల కారం, ఉప్పు, చిటికెడు జీలకర్ర. అంతే, ఆ పూటకు కారం తయారు. కూర వండే తీరిక లేనోళ్లకు, కూరగాయలు కొనే లెక్క కుదరనోళ్లకు మధ్యాహ్నం సైటు మీద సద్ది అదే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని ఆపాలన్న రూలుంది. ఆ రెండున్నర గంటల్లో నీడ పట్టున కూర్చొని డబ్బా మూత తీస్తే, పొద్దున కట్టుకొచ్చిన టమాట కూర ఒక్కోసారి పులిసిపోయి ఉంటుంది. అన్నం మీద చల్లుకున్న ఎల్లిపాయ కారం మాత్రం ఎట్లున్నది అట్లనే ఉంటుంది.

గల్ఫ్‌లో మనవాళ్ల నోటికి ఇంత అండగా నిలిచింది ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. అయితే దాని వాసన మీద రూముల్లో, డ్యూటీల్లో జరిగే గొడవలు మామూలువి కావు. దాని మహిమ మీద మనవాళ్లు పెట్టుకున్న నమ్మకాలూ తక్కువేం కాదు. మొదటిది పరువుకు సంబంధించిన సంగతి. రెండోది ప్రాణానికి సంబంధించింది. అందుకే రెండింటి గురించీ కాస్త తీరికగా మాట్లాడుకోవాలి.

ఒకే రూము.. మూడు పేర్లు

షార్జాలో మేమున్న రూములో ఎనిమిది మందిమి. జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లకు అది ఎల్లిగడ్డ. కడప వాళ్లకు తెల్లగడ్డ. గోదావరి నుంచి వచ్చినాయన మాత్రం వెల్లుల్లి అనేవాడు. కింద బకాలా నడిపే మలబారీ దగ్గర వెళుత్తుళ్ళి, పాకిస్తానీ డ్రైవర్ దగ్గర లసన్, అరబ్బుల దగ్గర తూమ్. పేరేదైనా తినడంలో మాత్రం ఎవరూ ఎవరికీ తీసిపోరు. కోడికూరకు అల్లమెల్లిగడ్డ ఎంత పడాలన్న దాని మీదే మా మెస్‌లో సగం పంచాయితీలు. "పప్పు తాలింపులో తెల్లగడ్డ పడకపోతే అది పప్పేనా అన్నా?" అని కడపాయన అంటే, "సర్వపిండి తినలేదు కాబట్టి అట్లంటున్నవ్ తమ్మీ" అని జగిత్యాల అన్న. సెలవు మీద ఊరికి పోయినోళ్లు వెల్లుల్లి ఆవకాయ తెస్తే, ముందు ఖాళీ అయ్యేవి మామిడి ముక్కలు కాదు, కారంలో ఊరి మెత్తబడ్డ ఎల్లిపాయలు.

కష్టం చేసేవాళ్ల తిండిగా దీనికి పెద్ద చరిత్రే ఉంది. సుమారు రెండున్నర వేల ఏళ్ల కింద హెరోడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఈజిప్టు వెళ్లాడు. పెద్ద పిరమిడ్ మీద ఒక రాత ఉందని, అది కట్టిన కూలీలకు ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి పెట్టడానికి 1600 టాలెంట్ల వెండి ఖర్చయిందని అందులో ఉన్నట్టు దుబాసీ చదివి చెప్పాడని రాసుకున్నాడు. కూలీల మెస్ లెక్క గోడ మీద రాయించారన్న మాట! బైబిల్‌లో ఇంకో ముచ్చట ఉంది. ఈజిప్టులో బానిసత్వం తప్పించుకుని ఎడారి పట్టిన ఇశ్రాయేలీయులు, అక్కడ తిన్న చేపలను, దోసకాయలను, ఉల్లిని, వెల్లుల్లిని తలుచుకుని ఏడ్చారట. అక్కడ వాళ్లు పడ్డవి కష్టాలే. అయినా నాలుక మాత్రం ఆ రుచినే అడిగింది. ఎడారిలో నిలబడి వెనకటి రుచిని తలుచుకోవడం మనతో మొదలైంది కాదు.

అరబ్బులదీ అదే రుచి

మన తిండే ఘాటని, ఇక్కడివాళ్లకు అది పడదని మనలో చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. షవర్మాలో పూసే, కాల్చిన కోడితో పాటు చిన్న డబ్బాలో ఇచ్చే తెల్లటి వెన్న లాంటిది ఉంది చూడండి. అది వెన్న కాదు, మయొనైజూ కాదు. పచ్చి వెల్లుల్లిని నూనె, నిమ్మరసం, ఉప్పుతో కలిపి నురగొచ్చేలా గిలక్కొట్టిన లెబనాన్ వాళ్ల తూమ్. మన ఎల్లిపాయ కారానికి కారం లేని అన్న అనుకోండి. కువైట్ ఇళ్లలో అన్నంతో పాటు పెట్టే దక్కూస్ అంటే టమాట, వెల్లుల్లి వేసి చేసే తొక్కు లాంటిదే. ఈజిప్టు వాళ్లు ములుఖియా ఆకుకూర వండితే, చివర్లో దంచిన వెల్లుల్లి వేయించి తాలింపు పెట్టాల్సిందే.

ఈ సంగతి కువైట్ ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకు బాగా తెలుసు. రంజాన్ నెలలో కిలోల లెక్కన వెల్లుల్లి ఒలిచేది వాళ్లే. ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు మండి, తోలు లేచిపోతుంది. అది ఊరికే వచ్చిన మంట కాదు. వెల్లుల్లి రసం చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది. చేతికి గ్లవ్స్ అడిగి వేసుకోవడం సుకుమారం కాదు. మేడమ్‌ను అడగడానికి మొహమాట పడాల్సిన పనీ లేదు.

ఇక సూపర్ మార్కెట్‌లో తెల్లటి జాలీ సంచుల్లో దొరికే లావు గడ్డల సంగతి. చాలావరకు అవి చైనావి. ప్రపంచంలో పండే వెల్లుల్లిలో నాలుగింట మూడొంతుల దాకా చైనాదే, రెండో స్థానం మన దేశానిది. చైనా పాయ పెద్దది, పొట్టు తేలిగ్గా వస్తుంది. ఘాటు మాత్రం తక్కువ. మన దేశంలో 2014 నుంచి దాని దిగుమతిపై నిషేధం ఉంది. ఇక్కడ అదే దిక్కు. అందుకే సెలవు నుంచి వచ్చేటప్పుడు లగేజీలో రెండు కిలోల ఊరి ఎల్లిగడ్డ పెట్టుకొచ్చేవాళ్లున్నారు. 2024 ఫిబ్రవరిలో మన దగ్గర కిలో నాలుగు వందలు దాటినప్పుడు కూడా కొడుకు కోసం కొని, ఎండబెట్టి, మూట కట్టి పంపిన తల్లులున్నారు. ఆ పాయను రూములో ఒలుస్తుంటే ముక్కుకు తగిలేది ఒక్క ఎల్లిగడ్డ వాసనే కాదు కదా.

వాసన ఎవరిది? తప్పు ఎవరిది?

మా రూములోనే నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకతను ఉండేవాడు. ఒక మాల్‌లో క్లీనింగ్ డ్యూటీ. ఒకరోజు సూపర్‌వైజర్ అందరి ముందు ముక్కు మూసుకుని, "నీ దగ్గర గార్లిక్ వాసనొస్తోంది, కస్టమర్లు తిరిగే చోట నువ్వొద్దు" అని బేస్‌మెంట్‌కు మార్చేశాడు. ఆ రాత్రి అతను అన్నం తినలేదు. మరుసటి రోజు నుంచి ఎల్లిగడ్డ ముట్టడం మానేశాడు. రెండు నెలలు సప్పిడి కూరలు తిన్నాడు. తిండి మానింది డాక్టర్ చెప్పినందుకు కాదు, సిగ్గుతో.

ఆ సూపర్‌వైజర్ మాట్లాడిన తీరు తప్పు. అందులో రెండో మాట లేదు. పక్కకు పిలిచి చెబితే పోయేది. అదే మాల్ ఫుడ్ కోర్టులో తూమ్ నంజుకుని తిన్న కస్టమర్ నోటి నుంచి వచ్చేదీ అదే వాసన. దాన్ని ఎవరూ అడగరు. వాసనకు దేశం లేదు, జీతం మాత్రం ఉంది.

అలాగని వాసన లేదని మనం వాదించలేం. అసలది ఎట్లా వస్తుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. గడ్డ గడ్డగా ఉన్నప్పుడు వెల్లుల్లికి పెద్దగా వాసన ఉండదు. కోసినా, దంచినా లోపలున్న అలియిన్ అనే పదార్థానికి ఒక ఎంజైమ్ తగిలి అల్లిసిన్ పుడుతుంది. ఘాటంతా దానిదే. తిన్నాక అది రకరకాల గంధకపు పదార్థాలుగా మారుతుంది. వాటిలో ఒకటి మాత్రం పేగుల్లోనూ, కాలేయంలోనూ అరగకుండా నెత్తుట్లో కలుస్తుంది. నెత్తురు నుంచి ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి శ్వాసలోకి, చెమటలోకి వస్తుంది. అందుకే ఎంత బ్రష్ చేసినా, ఎంత సెంటు కొట్టినా పోదు. ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటుంది. జూలై ఎండలో ఒళ్లంతా చెమటే అయినప్పుడు సంగతి చెప్పాల్సిన పని లేదు.

దీనికి విరుగుడు మన ఇళ్లలోనే ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2010లో పాలను, 2023లో పెరుగును పరీక్షించారు. రెండూ వెల్లుల్లి వాసనను బాగా తగ్గిస్తాయని తేల్చారు. తిన్న చాలాసేపటికి కాకుండా తినేటప్పుడే తీసుకుంటే ఎక్కువ పనిచేస్తాయి. ఆపిల్ పండు, పుదీనా ఆకు కూడా మేలే. అంటే ఎల్లిపాయ కారం అన్నం తిని, చివర్లో పెరుగన్నంతో ముగించే మన అలవాటు ఉత్తదేం కాదు. బకాలాలో దొరికే లబన్ డబ్బా ఒకటి సద్దితో పాటు పెట్టుకుంటే సరిపోతుంది. వేయించినా, ఉడికించినా ఘాటు చాలావరకు చచ్చి పాయ తియ్యబడుతుంది. కాబట్టి డ్యూటీ రోజుల్లో ఉడికింది, సెలవుకు ముందు రాత్రి పచ్చిది. మా రూములో పెట్టుకున్న కట్టుబాటు ఇదే. నిజామాబాద్ తమ్ముడు మళ్లీ తినడం మొదలుపెట్టింది కూడా దీంతోనే.

ఇంకో మాట. పక్కవాడి ముక్కును గౌరవించడమన్నది ఎవరో పరాయివాళ్లు మన మీద రుద్దింది కాదు. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవాళ్లు ఆ వాసనతో మసీదుకు రావద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. తినడం తప్పని కాదు, పక్కన నిలబడి నమాజు చేసేవాళ్లకు ఇబ్బంది అని. మనలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఆ నలభై ఒక్క రోజులు దాన్ని ముట్టరు. కొందరికి కార్తీక మాసమంతా నిషేధమే. మరోపక్క ఆయుర్వేదం దాన్ని రసోనం అని పిలిచింది. ఆరు రుచుల్లో ఒక్క పులుపు తప్ప మిగతావన్నీ దానిలో ఉన్నాయని ఆ పేరు. ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో దూరం పెట్టడం దానికి కొత్త కాదు. ఎనిమిది మంది పడుకునే గదిలో ఒకరు మాలలో ఉంటే ఆయన గిన్నె, ఆయన పొయ్యి వేరుగా వదలడం పెద్ద కష్టమా? అలాగే ఆయన కూడా మిగతా ఏడుగురిని నలభై రోజులు నోరు కట్టుకోమనడం న్యాయం కాదు.

అసలు ప్రమాదం వాసన కాదు

ఇప్పుడు చెప్పబోయేదే ముఖ్యం. మా రూములో అందరికంటే పెద్దాయన సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. అందరం కాకా అనేవాళ్లం. ఊళ్లో డాక్టర్ బీపీ ఉందని, జీవితాంతం గోళీ వేసుకోవాలని చెప్పాడు. వచ్చేటప్పుడు ఆరు నెలలకు సరిపడా తెచ్చుకున్నాడు. అవి అయిపోయాయి. ఇక్కడ క్లినిక్‌కు పోవాలంటే ఒకరోజు డ్యూటీ పోతుంది. అంతలో ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు. పొద్దున్నే పరగడుపున ఆరు పచ్చి ఎల్లిపాయలు నమిలితే బీపీ పోతుంది, గుండెలో అడ్డాలు కరిగిపోతాయి అని. "గోళీలెందుకురా, మన ఎల్లిగడ్డను మించిన మందుందా?" అన్నాడు కాకా. మేమూ నిజమేనేమో అనుకున్నాం. మాలో ఒక్కరం కూడా వద్దనలేదు.

మొదట కడుపులో మంట పట్టుకుంది. "ఘాటు పనిచేస్తున్నట్టుంది" అన్నాడు. మూడు నెలలు తిరక్కముందే ఒక పొద్దున సద్ది డబ్బా పట్టుకోబోతే కుడిచేయి లేవలేదు. మాట తడబడింది. హాస్పిటల్‌లో చూస్తే బీపీ రెండు వందలు దాటింది. పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది. కానీ తాపీ పట్టే చేయి పోయింది. వీసా క్యాన్సిల్ అయి ఇంటికి పోయాడు.

ఎల్లిగడ్డ కాకాకు చేసిన కీడేమీ లేదు. దాన్ని గోళీ స్థానంలో కూర్చోబెట్టడమే కీడు. బీపీ అనేది నొప్పి పెట్టదు, తల తిప్పదు. కాబట్టి మందు మానినా రెండు నెలలు బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఆ క్రెడిట్ ఎల్లిగడ్డకు పోతుంది. మోసమంతా అక్కడే ఉంది.

వెల్లుల్లిలో గుణమే లేదని నేననడం లేదు. బీపీ ఉన్నవాళ్లకు వెల్లుల్లి మాత్రలు ఇచ్చి చూసిన కొన్ని పరిశోధనల్లో అది కొద్దిగా తగ్గింది. కొద్దిగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. కొలెస్ట్రాల్ సంగతి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు గట్టిగానే పరీక్షించారు. 192 మందిని తీసుకుని, కొందరికి పచ్చి వెల్లుల్లి, కొందరికి వెల్లుల్లి మాత్రలు, కొందరికి ఉత్త మాత్రలు ఆరు నెలల పాటు ఇచ్చారు. 2007లో ఫలితం చెప్పారు. చెడు కొలెస్ట్రాల్‌లో తేడా ఏమీ రాలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కూడా రూముల్లో ఎల్లిగడ్డ కషాయాలు కాచి తాగాం, గుర్తుందా? వెల్లుల్లి కరోనాను ఆపుతుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది.

ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు పచ్చి వెల్లుల్లిని గుప్పెళ్ల కొద్దీ తినకూడదు. వెల్లుల్లి గోళీలూ వేసుకోకూడదు. దానికీ రక్తాన్ని పలచబరిచే గుణం ఉంది, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. పంటి నొప్పికో, మోకాలి నొప్పికో నూరి కట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి బొబ్బలెక్కుతుంది. గ్యాస్, అల్సర్ ఉన్నవాళ్లు పరగడుపున ముట్టకపోవడమే మంచిది.

చివరగా బ్యాచిలర్ రూముల్లో జరిగే పెద్ద పొరపాటు. సెలవు రోజున కిలో ఎల్లిగడ్డ మిక్సీ పట్టి, పైన నూనె పోసి, నెలకు సరిపడా సీసాలో మంచం కింద పెట్టేస్తారు. ఇది ప్రమాదం. భూమిలో పెరిగే గడ్డ కాబట్టి దానికి మట్టిలోని బోటులినమ్ అనే క్రిమి బీజాలు అంటుకుని ఉండొచ్చు. నూనె కింద గాలి తగలదు కాబట్టి అవి మొలిచి విషం పుట్టిస్తాయి. రంగు మారదు, వాసన మారదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో ఇలా నూనెలో నిల్వ ఉంచిన వెల్లుల్లి తిని 36 మంది జబ్బుపడ్డారు. అమ్మ చేసే ఆవకాయలో ఉప్పూ పులుపూ దండిగా ఉంటాయి కాబట్టి దాని లెక్క వేరు. ఉత్త నూనెలో వేసిన ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి, లేదంటే ఫ్రీజర్‌లో పెట్టాలి. ఏ పూటకు ఆ పూట స్టీలు గ్లాసుతో దంచుకోవడమే అన్నిటికన్నా మేలు.

ఒక్క ఫోన్ చాలు

కొందరంటారు, గోళీ కొనే స్తోమత లేకనే కదా ఎల్లిగడ్డ పట్టారు అని. ఆ మాటలో నిజముంది. కానీ మనకున్న హక్కులు మనకే తెలియకపోవడం కూడా అంతే నిజం. సౌదీలో ప్రైవేటు కంపెనీ తన కార్మికులకు హెల్త్ ఇన్సూరెన్స్ చేయించాల్సిందే. యూఏఈలో అబుదాబి, దుబాయ్‌లలో ముందే ఉన్న ఈ నిబంధన, 2025 జనవరి 1 నుంచి షార్జా సహా మిగతా ఎమిరేట్లలోనూ తప్పనిసరి అయింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మీ కార్డు ఎక్కడుందో, ఏ క్లినిక్‌లో చెల్లుతుందో ఈ వారమే కనుక్కోండి. ఊరి నుంచి మందులు తెచ్చుకునేవాళ్లు డాక్టర్ చీటీ కూడా వెంట తెచ్చుకోండి. గోళీల షీటు సగానికి వచ్చినప్పుడే తర్వాతి షీటు సంగతి చూసుకోండి.

రూములో పెద్దవయసు వాళ్లుంటే "కాకా, గోళీ వేసుకున్నవా?" అని అడగండి. మేము అడగలేదు. ఎల్లిగడ్డలు ఒలిచి ఇచ్చాం. ఇప్పటికీ కాకా ఫోన్ చేస్తాడు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. పోయిన నెల "ఎల్లిపాయ కారం తింటున్నవా కాకా?" అని అడిగితే నవ్వాడు. "తింట. కోడలు నూరి పెడ్తది. తిన్నంక గోళీ కూడా అదే చేతుల పెడ్తది" అన్నాడు.